టెర్మినల్ లెక్కలకు తెరలు: ఫావా, హెచ్‌లెడ్జర్-వెబ్ వాడేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి లెక్కలు కొన్నేళ్లుగా మామూలు టెక్స్ట్ ఫైల్లోనే రాస్తున్నాను. ఆ ఫైలును చదివి లెక్కగట్టే ప్రోగ్రాములు లెడ్జర్, హెచ్‌లెడ్జర్, బీన్‌కౌంట్. వీటిని టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే నల్లటి తెర మీద నడుపుతారు. అవే లెక్కలను బ్రౌజర్లో చూపించే తెరలు, అంటే ఇంటర్‌ఫేస్‌లు, ఫావా, హెచ్‌లెడ్జర్-వెబ్, పైసా. అది చూసి గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి బంధువులూ స్నేహితులూ మొదలుపెట్టారు. అందరికీ అవే సందేహాలు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను.

మా నాన్న ధాన్యం వ్యాపారంలో చిట్టా, ఆవర్జా రాసేవారు. ఏ రోజు పద్దు ఆ రోజు వరుసగా రాసేది చిట్టా. దాన్ని ఖాతాల వారీగా విడదీసి ఎత్తి రాసేది ఆవర్జా. ఈ సాఫ్ట్‌వేర్లదీ అదే పద్ధతి. మీరు రాసే ఫైలు చిట్టా, తెర మీద కనిపించేదంతా ఆవర్జా. ఏ ఇంటర్‌ఫేస్ పెట్టుకున్నా చిట్టా మీ చేతిలోనే ఉంటుంది.

కమాండ్లనూ ఆప్షన్లనూ చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే రాశాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

## మొదలుపెట్టే ముందు

లెడ్జర్ ఒక్కటుంటే సరిపోదా? మళ్లీ ఈ ఇంటర్‌ఫేస్ ఎందుకు?

సరిపోతుంది. లెడ్జర్‌ను జాన్ వీగ్లీ 2003లో మొదలుపెట్టినప్పటి నుంచి ఎంతోమంది ఒట్టి టెర్మినల్‌తోనే నడుపుకుంటున్నారు. ఇంట్లో మిగతావాళ్లకు చూపించాల్సి వచ్చినప్పుడే ఇబ్బంది. నల్లటి తెర మీద అంకెలు చూసి మా ఇంట్లో ఎవరూ దగ్గరకు రాలేదు. అదే ఫైలును బ్రౌజర్లో తెరిచి, కూరగాయలకు ఈ నెల ఎంతయిందో నొక్కి చూపిస్తే పక్కన కూర్చున్నారు. ఇంటర్‌ఫేస్ మీ ఫైలును చదివి చూపిస్తుంది. కొన్నింట్లో కొత్త పద్దు కూడా రాయొచ్చు, అదీ మీ ఫైల్లోకే వెళ్తుంది.

ఫావా, హెచ్‌లెడ్జర్-వెబ్, పైసా. ఏది పెట్టుకోమంటారు?

ముందు మీ ఫైలు ఏ పద్ధతిలో ఉందో చూడండి. బీన్‌కౌంట్ ఫైలైతే ఫావా. గ్రాఫులు, ఖర్చుల పటాలు, ఎడిటర్, తప్పుల జాబితా అన్నీ ఒకచోట ఉంటాయి. హెచ్‌లెడ్జర్ ఫైలైతే హెచ్‌లెడ్జర్-వెబ్. హంగులు తక్కువ, తెలుగు ఖాతా పేర్లకు మాత్రం ఇదే నయం. మ్యూచువల్ ఫండ్లు ఎక్కువగా ఉంటే పైసా చూడండి. మన దేశపు ఫండ్ల ధరలు తెచ్చుకుంటుంది, లెడ్జర్, హెచ్‌లెడ్జర్, బీన్‌కౌంట్ మూడింటితోనూ పనిచేస్తుంది.

ఇంకా ఏదీ మొదలుపెట్టకపోతే, ఇంటి లెక్కలు తెలుగులో రాయాలనుకునేవాళ్లకు హెచ్‌లెడ్జర్ అనే చెబుతాను.

నాకు ప్రోగ్రామింగ్ రాదు. నా వల్ల అవుతుందా?

అవుతుంది. ఫైలు సేవ్ చేయడం, టెర్మినల్‌లో ఒక లైను కొట్టడం వస్తే చాలు. అసలు కష్టం ఏ రోజు పద్దు ఆ రోజు రాయడంలో ఉంది. దానికి ఏ సాఫ్ట్‌వేరూ సాయం చేయదు.

వాన పడితే మా వైపు నెట్ పోతుంది. లెక్కలు ఆగిపోతాయా?

ఆగవు. బ్రౌజర్లో తెరుచుకుంటుంది కాబట్టి నెట్ కావాలేమో అనుకుంటారు. సర్వర్ మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది, పేజీ అక్కడి నుంచే వస్తుంది. ఫండ్లు, షేర్ల ధరలు తెచ్చుకోవడానికి మాత్రమే నెట్ కావాలి.

## పెట్టుకునేటప్పుడు

ఉబుంటులో పిప్‌తో ఫావా వేస్తుంటే ఏదో పెద్ద ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది.

పిప్ అంటే పైథాన్ ప్రోగ్రాములు దింపి పెట్టే సాధనం. ఉబుంటు 23.04, డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో నేరుగా ఏదీ వేయనివ్వరు. మీ తప్పేమీ లేదు. ఒక్కో ప్రోగ్రామునూ విడిగా పెట్టే పిప్‌ఎక్స్ వేసుకుని, దానితో ఫావా వేయండి. బీన్‌కౌంట్ కూడా వెంట వస్తుంది. ఆ ఎర్రర్ సందేశంలో చివర కనిపించే, సిస్టమ్‌ను పాడుచేయమనే ఆప్షన్ మాత్రం వాడకండి.

ఫావా నడుస్తుండగా హెచ్‌లెడ్జర్-వెబ్ తెరుచుకోవడం లేదు.

పోర్టు అంటే కంప్యూటర్లో ఒక ప్రోగ్రాముకు ఇచ్చే తలుపు నంబరు. రెండూ మామూలుగా 5000 పోర్టునే అడుగుతాయి. ఒకటి అక్కడ కూర్చుంటే రెండోదానికి చోటుండదు. ఒకదానికి పోర్ట్ ఆప్షన్‌తో 5001 ఇవ్వండి. కొత్త మ్యాక్‌లలో ఎయిర్‌ప్లే కూడా 5000 పోర్టునే పట్టుకుంటుంది, ఒక్కటే నడిపినా తెరుచుకోకపోతే కారణం అదే కావచ్చు.

హెచ్‌లెడ్జర్-వెబ్ కాసేపటికి దానంతటదే ఆగిపోతోంది. పాడైందా?

లేదు, దాని తీరే అంత. మామూలుగా నడిపితే బ్రౌజర్ తెరిచి, ఆ పేజీ మూసేశాక రెండు నిమిషాలు ఎవరూ అడగకపోతే ఆగిపోతుంది. రోజంతా నడవాలంటే సర్వ్ ఆప్షన్ ఇవ్వండి.

## పద్దులు రాసేటప్పుడు

ఖాతాల పేర్లు తెలుగులో పెట్టొచ్చా?

హెచ్‌లెడ్జర్‌లో నిక్షేపంగా పెట్టొచ్చు. మా ఇంటి పద్దు ఇలా ఉంటుంది:

2025-06-12 సంత
    ఖర్చులు:కూరగాయలు  ₹180
    ఖర్చులు:చేపలు  ₹220
    ఆస్తులు:నగదు

ఆఖరి లైనుకు మొత్తం రాయక్కర్లేదు, ₹400 నగదులోంచి పోయిందని అదే లెక్కగడుతుంది.

బీన్‌కౌంట్‌కు పట్టింపులు ఎక్కువ. ఖాతా పేరులో ప్రతి భాగమూ పెద్ద అక్షరంతోనో అంకెతోనో మొదలవ్వాలి. మన లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనేదే లేదు. అక్కడ తంటాలు పడకండి. ఖాతా పేర్లు ఇంగ్లీషు లిపిలో ఉంచి, కొటేషన్లలో రాసే వివరం తెలుగులో రాయండి. ఫావాలో అది చక్కగా కనిపిస్తుంది.

పద్దులన్నీ ఉన్నాయి, కానీ ఆస్తి అప్పుల పట్టీ ఖాళీగా వస్తోంది!

హెచ్‌లెడ్జర్‌లో తెలుగు పేర్లు పెట్టినవాళ్లందరికీ మొదటి రోజే ఎదురయ్యే సంగతి ఇది. అసెట్స్, ఎక్స్‌పెన్సెస్ లాంటి ఇంగ్లీషు పేర్లను అది గుర్తుపడుతుంది. ‘ఆస్తులు’ అంటే ఏమిటో దానికి మీరే చెప్పాలి. ఫైలు మొదట్లో ప్రతి మూల ఖాతాకూ ఒక అకౌంట్ లైను రాసి, రెండు ఖాళీలు వదిలి, సెమీకోలన్ పెట్టి టైప్ ట్యాగ్ (ఖాతా ఏ రకమో చెప్పే గుర్తు) ఇవ్వండి. ఆస్తులకు ఎ, అప్పులకు ఎల్, మూలధనానికి ఇ, ఆదాయానికి ఆర్, ఖర్చులకు ఎక్స్. ఇవి మాత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరాలు. సేవ్ చేసి టెర్మినల్‌లో పట్టీ మళ్లీ అడిగితే నిండుగా వస్తుంది.

పక్కన జాబితాలో ‘కూరగాయలు ₹180’ అని కొత్త ఖాతా పుట్టింది. ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక్క ఖాళీ వల్ల. ఖాతా పేరుకూ మొత్తానికీ మధ్య కనీసం రెండు ఖాళీలుండాలి. ఖాతా పేరులో ఒక ఖాళీ ఉండొచ్చు కాబట్టి, మీరు ఒక్కటే వదిలితే ఆ ₹180 కూడా పేరులో భాగమే అనుకుంటుంది.

ఆఖరి లైన్లో మొత్తం రాయకుండా వదిలేసి ఉంటే వెంటనే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే మొత్తం లేని లైన్లు రెండయ్యాయి. నగదు లైన్లో ₹-180 అని మీరే రాసి ఉంటే మాత్రం ఏ ఎర్రరూ రాదు. లెక్క సరిపోతుంది, పేరొక్కటే చెడుతుంది. టెర్మినల్‌లో దీన్ని నేను నెలల తరబడి గమనించలేదు. బ్రౌజర్లో ఖాతాల జాబితా ఎదురుగా ఉండేసరికి మొదటి రోజే ఇలాంటివి నాలుగు దొరికాయి. వాడే ఖాతాలన్నీ ఫైలు మొదట్లో ప్రకటించి, స్ట్రిక్ట్ ఆప్షన్‌తో తనిఖీ చేస్తుంటే ఇలాంటి పేరు పుట్టిన రోజే పట్టుబడుతుంది.

టెర్మినల్‌లో తెలుగు అక్షరాలు విరిగిపోయి, వరుసలు పక్కకు జరుగుతున్నాయి.

చాలా టెర్మినళ్లు ఒక్కో అక్షరానికి ఒక్కో గడి లెక్కేస్తాయి. మన గుణింతాలూ ఒత్తులూ అలా గడుల్లో ఇమడవు. అందుకే హెచ్‌లెడ్జర్-యూఐ లాంటి టెర్మినల్ తెరలు తెలుగుకు ఒప్పవు. ఫైలుకేమీ కాలేదు, అదే పేరు బ్రౌజర్లో శుభ్రంగా కనిపిస్తుంది.

పది లక్షలు 1,000,000 అని వస్తోంది. 10,00,000 అని రావాలంటే?

హెచ్‌లెడ్జర్ ఫైల్లో కమాడిటీ లైను రాసి, పక్కన ₹1,00,00,000.00 అని నమూనా ఇవ్వండి. కామాలు ఎక్కడెక్కడ పెట్టాలో దాన్ని చూసి నేర్చుకుంటుంది. ఫావాలో లొకేల్ అనే ఫావా ఆప్షన్‌కు ఇండియా ఇంగ్లీషు కోడ్ ఇవ్వండి. చిన్న మార్పే, కానీ పెద్దవాళ్లకు చూపించేటప్పుడు చాలా తేడా ఉంటుంది. మా అమ్మ మిలియన్ల కామాలు చూస్తే అంకెలు మళ్లీ కుడి నుంచి లెక్కపెట్టేది.

## బ్యాంకు స్టేట్‌మెంట్లు

బ్యాంకు ఎక్సెల్ ఫైలు ఇచ్చింది. దాన్ని అలాగే ఇవ్వొచ్చా?

కుదరదు, సీఎస్‌వీగా, అంటే వరుసలను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా మార్చాలి. లిబ్రెఆఫీస్‌లో తెరిచి సీఎస్‌వీగా, యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. మన బ్యాంకుల స్టేట్‌మెంట్లలో పైన పేరు, చిరునామా, బ్రాంచి వివరాలు చాలా లైన్లుంటాయి. సీఎస్‌వీని ఎలా చదవాలో హెచ్‌లెడ్జర్‌కు చెప్పేది రూల్స్ ఫైలు. అందులో స్కిప్ లైనులో ఎన్ని వదిలేయాలో అంకె ఇవ్వండి. జమ, ఖర్చు వేర్వేరు వరుసల్లో ఉంటే అమౌంట్-ఇన్, అమౌంట్-అవుట్ అని రెండింటినీ విడిగా చూపించండి. ఒకసారి కుదిరితే ఆ రూల్స్ ఫైలు ఏళ్ల తరబడి పనికొస్తుంది.

జూన్ 5 పద్దు మే 6న పడింది.

మన బ్యాంకులు రోజు ముందు, నెల తర్వాత రాస్తాయి. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 05/06ను మే 6 అని చదువుతుంది. 13/06 వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని అలాగే వదిలేస్తుంది. అందుకే సగం తేదీలు సరిగ్గా ఉండి, సగం తారుమారవుతాయి, పట్టుకోవడం కష్టం. సీఎస్‌వీ తెరిచేటప్పుడు వచ్చే పెట్టెలో తేదీ వరుసను టెక్స్ట్ అని ఎంచుకోండి. రూల్స్ ఫైల్లో తేదీ ఫార్మాట్‌ను రోజు, నెల, ఏడాది వరుసలో రాయండి.

జూన్ 30 బ్యాలెన్స్ పాస్‌బుక్ చూసే రాశాను. ఫావా తప్పంటోంది, ఎందుకు?

బీన్‌కౌంట్‌లో బ్యాలెన్స్ లైను ఆ రోజు పొద్దున్నే, ఒక్క పద్దూ పడకముందు సరిచూస్తుంది. పాస్‌బుక్‌లో మీరు చూసింది ఆ రోజు సాయంత్రం నిలవ. జూన్ 30న జీతం పడి ఉంటే, ఆ జీతం లేని పొద్దుటి నిలవతో మీ అంకెను పోలుస్తుంది. తేడా సరిగ్గా జీతమంత వస్తుంది. అదే తేదీకి జూలై 1 వేస్తే సరిపోతుంది.

ఎర్రర్ పోవాలని అంకె మార్చేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. ఆ లైను మీరు రాసిందానికీ బ్యాంకు చెప్పిందానికీ మధ్య ఉన్న ఒకే ఒక్క సాక్షి. తేడా వస్తే ఆ మొత్తం పట్టుకుని వెతకండి. చాలాసార్లు ఏదో ఒక పద్దు మొత్తంతో సరిగ్గా సరిపోతుంది.

ఇంపోర్ట్ చేస్తే పాత పద్దులు రెండోసారి వచ్చేశాయి.

హెచ్‌లెడ్జర్ ఇంపోర్ట్ కమాండ్ ఎంతవరకు తీసుకుందో సీఎస్‌వీ ఫైలు పేరుతోనే గుర్తుపెట్టుకుంటుంది. ఒక నెల ఒక పేరు, మరో నెల ఇంకో పేరు పెడితే రెండోదాన్ని కొత్త ఖాతా అనుకుంటుంది. ఎప్పుడూ ఒకే పేరుతో సేవ్ చేయండి. ముందు డ్రై-రన్ ఆప్షన్‌తో నడిపితే ఏమేం చేరుతాయో ఫైలును తాకకుండానే చూపిస్తుంది.

## మన వైపు లెక్కలు

ఉండేది ఒడిశాలో, సరుకులు తెచ్చేది పాతపట్నంలో. రెండు వైపుల ఖర్చు విడిగా చూడొచ్చా?

చూడొచ్చు, ఖాతాలు మాత్రం రెండుగా చీల్చకండి. ‘ఖర్చులు:కిరాణా:ఆంధ్ర’, ‘ఖర్చులు:కిరాణా:ఒడిశా’ అని మొదలుపెడితే ఏడాదికి ఖాతాలు రెట్టింపవుతాయి. పద్దు పక్కన సెమీకోలన్ పెట్టి ‘ఊరు:పాతపట్నం’ అని ట్యాగ్ రాయండి. హెచ్‌లెడ్జర్-వెబ్ వెతుకుడు పెట్టెలో ట్యాగ్‌తో అడిగితే ఆ ఊరివే వస్తాయి. బీన్‌కౌంట్‌లో హ్యాష్ గుర్తుతో ట్యాగ్ పెట్టాలి, అది ఇంగ్లీషు లిపిలోనే ఉండాలి.

చీటీ పాడుకున్నాను. చీటీ ఖాతా ఆస్తుల్లో మైనస్ చూపిస్తోంది. తప్పు రాశానా?

సరిగ్గానే రాశారు. నెలకు ₹5,000 చొప్పున 20 నెలల చీటీ అనుకుందాం. ఎనిమిది నెలలు కట్టారు, ‘ఆస్తులు:చీటీ’లో ₹40,000 ఉంది. ఎనిమిదో నెల ₹18,000 తగ్గించి పాడారు, చేతికి ₹82,000 వచ్చింది. పద్దు ఇలా:

2025-06-15 చీటీ పాట
    ఆస్తులు:బ్యాంకు  ₹82,000
    ఖర్చులు:చీటీ తగ్గింపు  ₹18,000
    ఆస్తులు:చీటీ  ₹-1,00,000

ఇప్పుడు చీటీ ఖాతాలో మైనస్ ₹60,000 కనిపిస్తుంది. ఇంకా కట్టాల్సింది 12 నెలలు, నెలకు ₹5,000, సరిగ్గా ₹60,000. అంటే నిన్నటిదాకా మీకు రావలసింది, ఇవాళ మీరు ఇవ్వాల్సింది. నెలనెలా కడుతుంటే ఆఖరి వాయిదాకు సున్నా అవుతుంది. తెర మీద మైనస్ చూసి టెన్షన్ పడకండి. నచ్చకపోతే పాడిన రోజే ఆ మొత్తాన్ని అప్పుల కింద ఒక ఖాతాకు మార్చుకోవచ్చు.

డివిడెండ్ పోను ₹4,400 కట్టిన నెలలో చీటీ ఖాతాకు ₹5,000, ఆదాయం వైపు డివిడెండ్ ₹600, బ్యాంకులోంచి ₹4,400 రాయండి. ఒట్టి ₹4,400 రాస్తే ఆఖరున సున్నా రాదు.

చేబదులు ఇచ్చింది ఖర్చు కింద రాయాలా?

వద్దు. ‘ఆస్తులు:చేబదులు’ కింద మనిషికో ఖాతా పెట్టండి, పేరు బదులు వరస రాసినా చాలు. తిరిగిచ్చిన రోజు సున్నా అవుతుంది. ఖర్చు కింద రాస్తే ఆ డబ్బు తిరిగొచ్చినప్పుడు ఆదాయంలా కనిపిస్తుంది, అడగడం కూడా మరిచిపోతాం.

కొట్టువాళ్లు బిల్లు ఒడియాలో చేత్తో రాసిస్తారు. దాచుకునే దారేమైనా ఉందా?

ఫోటో తీసి ఫావాలో ఆ ఖాతా మీదకు లాగి వదలండి, తేదీతో సహా దాచిపెడుతుంది. ముందుగా బీన్‌కౌంట్ ఫైల్లో డాక్యుమెంట్స్ ఆప్షన్‌కు ఒక ఫోల్డర్ చూపించాలి. వేడి కాగితం మీద అచ్చయిన బిల్లులైతే అదే రోజు ఫోటో తీయండి, కొన్ని నెలల్లో అక్షరాలు మాసిపోతాయి.

## ఫోన్లు, ఇంట్లో ఇద్దరు

ల్యాప్‌టాప్‌లో నడుస్తున్నది ఫోన్లో చూడాలంటే?

రెండూ ఒకే వైఫైలో ఉండాలి. నడిపేటప్పుడు హోస్ట్ ఆప్షన్‌కు ల్యాప్‌టాప్ ఐపీ నంబరు (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇచ్చి, ఫోన్ బ్రౌజర్లో అదే నంబరు, పోర్టు కొట్టండి. ఇంటి వైఫైలో మాత్రమే చేయండి. ఫావాకు గానీ హెచ్‌లెడ్జర్-వెబ్‌కు గానీ సొంత పాస్‌వర్డ్ లేదు, ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా చూడగలరు. హెచ్‌లెడ్జర్-వెబ్‌లో అయితే మామూలుగా పద్దులు చేర్చగలరు కూడా. చూడటానికే కావాలంటే అలౌ ఆప్షన్‌కు వ్యూ అని ఇవ్వండి. ఫావాకు రీడ్-ఓన్లీ ఆప్షన్ ఉంది.

ఇద్దరం రాస్తున్నాం. ఒకరు రాసింది కనిపించకుండా పోతోంది.

మాకూ జరిగింది. రెండు చోట్లా ఫైళ్లను ఒకేలా ఉంచే సింక్‌థింగ్ అనే ప్రోగ్రాముతో ఫైలును రెండు కంప్యూటర్లలో పెట్టాం. నేను బరంపురం వెళ్లి మూడు రోజులు అక్కడ రాశాను, ఇంట్లో మా ఆవిడ ఇక్కడ రాసింది. నెట్ కలిశాక ఒకరి ఫైలు నిలిచింది, రెండోది సింక్-కాన్‌ఫ్లిక్ట్ అనే పేరుతో పక్కకు వెళ్లింది. మాకు తెలియలేదు. పది రోజుల తర్వాత నగదు పెట్టె లెక్కపెడితే ₹1,340 తేడా వచ్చింది. ఇద్దరం ఒకరినొకరం అడిగాం, గుర్తుచేసుకున్నాం, మాటా మాటా పెరిగింది కూడా. చివరికి ఫోల్డర్ తెరిస్తే నా మూడు రోజుల పద్దులూ ఆ పక్క ఫైల్లో కనిపించాయి.

అప్పటి నుంచి ఎవరి ఫైలు వాళ్లదే. ముఖ్య ఫైల్లో, వేరే ఫైలును కలిపి చదవమనే ఇన్‌క్లూడ్ లైన్లు రెండుంటాయి, ఒకటి నాది, ఒకటి ఆవిడది. బ్రౌజర్లో రెండూ కలిసి ఒకే చిట్టాగా కనిపిస్తాయి. ఒకరి ఫైలు ఇంకొకరు తాకం. మళ్లీ ఆ గొడవ రాలేదు.

## ఏడాది చివర

ఫావాలో ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఏడాదిగా చూడటం ఎలా?

ఫిస్కల్-ఇయర్-ఎండ్ అనే ఫావా ఆప్షన్‌కు 03-31 ఇవ్వండి. అప్పుడు తేదీ పెట్టెలో ఎఫ్‌వై2025 అని కొడితే 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు వస్తుంది. మొదలైన ఏడాదితో పిలవడం అలవాటైతే 15-31 అని ఇవ్వండి. పన్నెండు దాటిన నెల అంటే వచ్చే ఏడాది నెల అని అర్థం.

హెచ్‌లెడ్జర్‌లో మార్చి 31 వరకు అడిగితే ఆ రోజు పద్దులు రావడం లేదు.

హెచ్‌లెడ్జర్‌లో ముగింపు తేదీ లెక్కలోకి రాదు, దాని ముందు రోజుతో ఆగుతుంది. 2024-04-01 నుంచి 2025-04-01 వరకు అని అడగండి. మార్చి 31న వడ్డీ జమలు పడుతుంటాయి కాబట్టి ఆ ఒక్క రోజు తప్పిపోతే పన్ను లెక్కలో తేడా వస్తుంది.

రేపు ఈ ఇంటర్‌ఫేస్ తయారుచేసేవాళ్లు ఆపేస్తే?

అలా ఒకటి ఇప్పటికే జరిగింది. బీన్‌కౌంట్‌తో మొదట్లో బీన్-వెబ్ అనే సొంత తెర వచ్చేది. మూడో వెర్షన్‌లో తీసేశారు. దాన్ని వాడేవాళ్లు అదే ఫైలును ఫావాలో తెరుచుకున్నారు.

ఆడిటర్ గారు, మా నాన్న కాగితం మీద అడుగుతున్నారు.

హెచ్‌లెడ్జర్‌లో ఏ పట్టీనైనా అవుట్‌పుట్ ఆప్షన్‌తో హెచ్‌టీఎంఎల్‌గా సేవ్ చేసి, బ్రౌజర్లో తెరిచి ప్రింట్ ఇవ్వండి. సీఎస్‌వీ అడిగితే అదీ ఇస్తుంది. మా నాన్నకు ప్రతి నెలా ఒకటో తేదీన ఖాతాల పట్టీ ఒక పేజీ, నగదు ఖాతా ఒక పేజీ ప్రింట్ తీసి ఇస్తాను. నగదు పేజీ మీద పెన్నుతో ఒక్కో పద్దుకూ టిక్ పెట్టుకుంటూ వెళ్లి, ఆఖరి నిలవ కింద తారీకు వేసి సంతకం చేస్తారు.